యారెలిస్ తిరిగొచ్చేదాకా

ప్వెర్టో రికో పడమటి తీరంలో, జాలర్ల పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు మిగ్దాలియాది. భర్త పోయాక షెడ్డు ఆమె పేరున నడిచిందే కానీ, పనంతా కూతురు యారెలిస్‌ది. ఆ పిల్ల రిజర్వు సైన్యంలో కూడా ఉంది. వేసవిలో పిలుపొచ్చింది. వారం తిరక్కుండానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంజన్లు గోడవారగా పేరుకున్నాయి. చేపల వ్యాపారి ఎలియేసెర్ రోజూ వచ్చి పలకరించేవాడు.

"షెడ్డు నాకు అమ్మెయ్యక్కా. మూతబడ్డాక ఇప్పుడిచ్చే ధర కూడా ఇవ్వను."

"ముందు నీ నోరు మూతపడనీ," అనేది మిగ్దాలియా.

కీలకమైన మనిషిని సైన్యం పిలిపించుకుంటే, చిన్న వ్యాపారాలు నిలదొక్కుకోవడానికి ప్రభుత్వం అప్పిస్తుందని చర్చి దగ్గర ఎవరో చెప్పారు. ఆమె పట్నం వెళ్ళింది. అక్కడి అధికారి ఓర్లాండో మర్యాదస్తుడే. కానీ సంగతి వినగానే నవ్వాడు.

"మెకానిక్కు మీ అమ్మాయా! ఆమె లేకపోతే పని ఆగిపోతుందంటేనే అప్పు వస్తుందమ్మా. ఇంజన్లు విప్పేవాళ్ళకు కరువా? ఇంకొకర్ని పెట్టుకోండి."

"ఊరూరా తిరిగాను బాబూ. కార్లు చూసేవాళ్ళున్నారు, పడవల జోలికి ఎవరూ రారు."

"సరిగ్గా వెతికి ఉండరు."

మిగ్దాలియా కుర్చీలోంచి కదల్లేదు. "అయితే మీరే వెతికి పంపండి. కూలి ఇస్తాను, భోజనం పెడతాను. అతను ఒక్క ఇంజన్ నడిపించినా మళ్ళీ మీ గుమ్మం తొక్కను. నడిపించలేకపోతే మాత్రం, ఇప్పుడు నవ్వారే, దానికి నా పిల్లకు క్షమాపణ చెప్పాలి."

ఓర్లాండోకు రోషం వచ్చింది. పడవల పనిలో తలపండిన హెరిబెర్తోకు అక్కడికక్కడే ఫోను చేశాడు.

మర్నాడు హెరిబెర్తో వచ్చి పొద్దుగూకేదాకా మోచేతుల వరకు గ్రీజు పులుముకున్నాడు. ఒక ఇంజన్ రెండుసార్లు దగ్గి చల్లబడింది. అతను చేతులు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు.

"పాతవి తల్లీ ఇవి. విడిభాగాలు దొరక్క మీ అమ్మాయి దేని ముక్కో దేనికో అతికించింది. వీటితో కాపురం ఆ పిల్లే చెయ్యాలి. నాకు పట్టుబడాలంటే నెలలు పడుతుంది."

ఆ మాటే ఓర్లాండోకూ ఫోనులో చెప్పాడు. ఓర్లాండో మిగ్దాలియాను పిలవమన్నాడు.

"అప్పుకు నేను సిఫారసు చేస్తానమ్మా. మీ అమ్మాయికి నా తరఫున క్షమాపణ చెప్పండి."

"నేనెందుకు చెబుతాను? వచ్చాక మీరే వచ్చి చెప్పండి."

వానలు మొదలయ్యాక అప్పు చేతికొచ్చింది. యారెలిస్ వచ్చేదాకా నెమ్మదిగా నేర్చుకుంటూ పనిచేసేలా హెరిబెర్తోను కుదుర్చుకుంది. ఎలియేసెర్ రావడం మానేశాడు. ఒక సాయంత్రం యారెలిస్ ఫోను చేసింది.

"అప్పెందుకు చేశావే అమ్మా? నేను రాకపోతే ఎలా తీరుస్తావ్?"

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే, సైన్యమని కూడా చూడను, అక్కడికే వచ్చి వీపు చీరేస్తాను. నువ్వు తిన్నావా లేదా, అది చెప్పు."

ఫోను పెట్టేశాక ఆమె షెడ్డులోకి నడిచింది. పని చేస్తున్న హెరిబెర్తో పక్కన చతికిలబడి, పానా అందుకుంది.

"ముందు ఏది విప్పాలో చూపించు."