ఇద్దరికీ ఒకటే ప్రశ్న

ఇస్త్రీ కొట్టు ముందు సర్వే ఆవిడ స్కూటర్ ఆపేసరికి కవలలిద్దరూ లోపలే ఉన్నారు. అక్క దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. చెల్లెలు మూటల మీద కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. మర్నాడు పొద్దున దానికి కాలేజీ ప్రవేశ పరీక్ష.

పేదింటి పిల్లల్ని పై చదువులకు పంపే పథకమొకటి వాళ్ల బడికి వచ్చింది. పిల్లలు ఎక్కువైతే చీటీలు తీశారు. చెల్లెలికి తగిలింది. అక్కకు తగల్లేదు. చెల్లెలు కోచింగుకు వెళ్లింది. అక్క పదో తరగతితో ఆగిపోయి తల్లి చేతిలోని ఇస్త్రీపెట్టె అందుకుంది.

పథకం పనికొచ్చిందో లేదో తేలాలంటే చీటీ రానివాళ్లనూ అడగాలి. అందుకని సర్వే ఆవిడ ఏటా వచ్చి ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడుగుతుంది. ఒకే ఇంటి పిల్లల్ని ఇలా పోల్చొద్దని ఆవిడ మొదట్లోనే చెప్పింది. ఆఫీసులో సార్ వినలేదు. ఒకే కడుపున పుట్టారు, ఒకేలా చదివారు, ఇంతకంటే మంచి పోలిక ఎక్కడ దొరుకుతుందన్నాడు.

అక్కను అడగాల్సిన చివరి ప్రశ్న వచ్చింది.

"ఆ సాయం నీకు అంది ఉంటే ఇప్పుడేం చేస్తుండేదానివి?"

"ఏటా అడుగుతారు," అంది అక్క. "ఈసారి చూపిస్తా."

చెల్లెలి కుడిచెయ్యి పట్టి బల్ల మీదికి లాగి, దాని మీద ఇస్త్రీపెట్టె మోపింది. చెల్లెలు కేక పెట్టింది. అక్క తన బరువంతా వేసి నొక్కింది. చర్మం కాలిన వాసన వచ్చింది. సర్వే ఆవిడ వచ్చి అక్క జుట్టు పట్టి లాగితే, అక్క మోచేత్తో ఆవిడ మూతి మీద పొడిచింది. తల్లి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, బకెట్టు తీసుకుని, అక్క కింద పడేదాకా వీపు మీద బాదింది.

"ఇప్పుడు ఇద్దరం ఒకటే," అంది అక్క నేల మీంచి. "రాసుకోండి మేడమ్."

ఆస్పత్రిలో చేతికి కట్టు కట్టి, ఇప్పట్లో కలం పట్టుకోవడం కుదరదన్నారు. సర్వే ఆవిడ సార్‌కి ఫోన్ చేసింది. వాళ్ల గొడవలో వేలు పెట్టొద్దు, మన లెక్క చెడుతుందన్నాడాయన. ఆవిడ ఆ ఫోన్ పెట్టేసి పరీక్షల ఆఫీసుకు చేసింది. చెల్లెలు చెబుతుంటే రాయడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చు గానీ ఆ మనిషి పదో తరగతి దాటి చదివి ఉండకూడదు, పేరు సాయంత్రంలోగా చెప్పాలి అన్నారు.

తల్లికి అక్షరం ముక్క రాదు. ఇరుగుపొరుగును అడిగితే, ఆ ఇంటి గొడవ మాకెందుకని తప్పుకున్నారు.

"నేను రాస్తా," అంది అక్క వార్డు గుమ్మంలోంచి.

తల్లి చెప్పు తీసింది. ఆమె కంటే ముందు చెల్లెలు మంచం దిగి ఎడంచేత్తో అక్క చెంప పగలగొట్టింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. అక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. చెల్లెలు మళ్లీ చెయ్యి లేపింది గానీ కళ్లు తిరిగి, పడిపోకుండా అక్క భుజమే పట్టుకుంది.

"ఒక్క అక్షరం మార్చావో, పీక కోస్తా," అంది.

"నువ్వు సరిగ్గా చెప్పి చావు," అంది అక్క. "ఏడుస్తూ చెబితే నాకు అర్థమై చావదు."

సర్వే ఆవిడ వాచిన మూతితోనే పరీక్షల ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేసి, అక్క పేరు చెప్పింది.