పసుపు మూత సీసా

ల్యాబులో ఆవిడని అందరూ పసరమ్మ అంటారు. ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులకు ఆకు పసరు వాసన పోదు, అందుకని ఆ పేరు. చెడిన కాలేయాన్ని బాగుచేస్తుందని చెప్పుకునే ఒక అడవి ఆకు మీద అక్కడ పరిశోధన నడుస్తోంది. కాలేయ జబ్బు తెప్పించిన ఎలుకల నోట్లో రోజూ మందు పోయడం పసరమ్మ పని.

సీసాలు రెండు రకాలు, పసుపు మూతవీ ఎర్ర మూతవీ. ఒకదానిలో ఆకు మందు, ఇంకోదానిలో అదే రంగూ అదే చేదూ వచ్చేలా కలిపిన వట్టి బంక నీళ్లు. ఏది ఏదో పెద్దసారుకి తప్ప ఎవరికీ తెలియదు. మందు పోసే మనిషికి అసలే తెలియకూడదు. తెలిస్తే ఆ చెయ్యి ఒకవైపు ఎలుకల్నే ముద్దు చేస్తుందని ఆయన అనుమానం. మనుషుల సంగతి ఆయనకు బాగానే తెలుసు.

కానీ కళ్లకు గంతలు కట్టలేరు కదా. పసుపు మూత ఎలుకలు బోనంతా పరుగులు తీస్తున్నాయి. ఎర్రవి మూల నక్కి, తిండి వంక కూడా చూడటం లేదు. ఇంకా తెలియడానికేముంది అనుకుంది పసరమ్మ. ఆమెకున్న ఒక్క అన్నయ్యకీ కాలేయమే చెడింది. హాస్పిటల్ బిళ్లలు మింగి మింగి విసిగిపోయాడు. పసుపు సీసాల్లో మిగిలింది ల్యాబులో ఎవరికీ తెలియకుండా తీసుకెళ్లి అన్నయ్యకి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ పొద్దున ఎలుకల గది తలుపు తీసేసరికి పసుపు మూతవి చచ్చిపడి ఉన్నాయి. ఎర్రవి తిండి మీద ఎగబడుతున్నాయి.

అన్నయ్యకి స్వయంగా విషం పోశానా? పసరమ్మ ఫోను తీసింది, ముందు ఆ సీసాలో ఏముందో తెలియాలని మళ్లీ లోపల పెట్టేసింది. పరుగున పెద్దసారు దగ్గరికి వెళ్లింది.

"సార్, పసుపు దానిలో ఏముంది? చెప్పండి సార్, మీకు దండం పెడతాను."

ఆయన బోన్ల దగ్గరికొచ్చి, చచ్చినవాటిని కోసి చూసి, మెల్లగా నవ్వాడు. "ఇక దాచేదేముందమ్మా. పసుపుది బంక నీళ్లే. వీటిని చంపింది జబ్బే. ఎర్రదే మన మందు. మొదట్లో కడుపు తిప్పుతుంది, తర్వాత నిలబెడుతుంది. మనం నెగ్గాం."

వట్టి నీళ్లు. విషం కాదు. పసరమ్మ గోడకి జారబడి కూర్చుని, ఏడుస్తూ నవ్వింది. ఎర్ర సీసా ఒకటి సంచిలో వేసుకుని, వరండాలోకొచ్చి అన్నయ్య ఇంటికి ఫోను చేసింది. వదిన ఎత్తింది.

"అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా?"

"తెగ నిద్రపోతున్నారు అమ్మాయ్, నిన్నటి నుంచీ అదే పని. లేపితే పొంతన లేకుండా ఏదో గొణిగి మళ్లీ పడుకుంటున్నారు." వదిన గొంతులో బెంగ ఏమీ లేదు. "పోనీలే, ఈ మధ్య ఇంత హాయిగా పడుకున్నదెప్పుడు? నీ మందుండగా ఆ బిళ్లలెందుకని ఎప్పుడో చెత్తలో పడేశారు. అన్నట్టు, నీ సీసా అయిపోవచ్చింది. ఇంకోటి తెస్తావా?"

చచ్చిన ఎలుకలు కూడా నిన్నంతా పడుకునే ఉన్నాయి. అలసిపోయాయేమో అనుకుంది తను.

"లేపు వదినా," అంది పసరమ్మ. "ఎలాగైనా సరే, ముందు అన్నయ్యని లేపు."