గడియ వేసిన తరగతి

లెక్కల టీచరు ఆ బడిలో చేరిన రోజే డ్రిల్లు మాస్టారు ఆవిణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు.

"పదో తరగతి బి సెక్షన్‌లో కుర్చీ తడిమి చూసుకుని మరీ కూర్చోండి మేడం. బోర్డు వైపు తిరిగి ఎక్కువసేపు ఉండకండి. మిగతాదంతా మామూలే."

ఆవిడ నవ్వింది.

"మీకు ముందున్న లెక్కల మాస్టారూ ఇలాగే నవ్వాడు. వరండా మెట్ల మీద జారిపడి చెయ్యి విరిగిందని అందరం అనుకున్నాం. అనుకోమన్నారు, అనుకున్నాం. ఆ మెట్లు మీరు చూశారుగా, మూడే మూడు."

అయినా ఆవిడ బెదరలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పిల్లాడి మీదా చెయ్యెత్తింది లేదు. గొంతు పెంచింది కూడా తక్కువే. పాత బడిలో ఎంత మొండిఘటాన్నయినా మంచి మాటలతో దారికి తెచ్చిన టీచరని పేరు. ఆ పేరు మీద ఆవిడకు కాస్త మురిపెం కూడా ఉండేది.

బి సెక్షన్ పై అంతస్తులో చిట్టచివరి గది. గోడకు అవతల రేకులు వంచే కార్ఖానా. పొద్దున మొదలైన దబదబలు బడి వదిలేదాకా ఆగవు. కిటికీలకు ఇనుప వల కొట్టారు. పిల్లలు దూకి పారిపోతారని కాదు, విరగ్గొట్టిన బెంచీ ముక్కలు కింద నడిచేవాళ్ళ నెత్తిన పడుతున్నాయని.

ఆ గదికి పెద్ద పొడుగోడు. రెండుసార్లు తప్పి అదే తరగతిలో ఉండిపోయినవాడు, మీసాలొచ్చినవాడు. గట్టిగా మాట్లాడడు. తను చెయ్యి చేసుకోడు. ఊరికే అలా చూస్తాడు, చేసేవాళ్ళు చేసేస్తారు. బడికి కొత్త గదులు కట్టించిన కంట్రాక్టరు వాడి నాన్నే. ఆయన వస్తే, అందరూ పెద్ద మేడం అని పిలిచే హెడ్మిస్ట్రెస్ కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. పొడుగోడి పక్కన కూర్చునే పిల్ల చిలక. వాడి మనసులో మాట వాడు అనకముందే పైకి అనేస్తుంది.

ఇక గుడ్లగూబ. సోడాబుడ్డి కళ్ళద్దాల వల్ల ఆ పేరు. నిజం చెప్పాలంటే వాడి మీద జాలి కలగడానికి ఎవరికైనా కాస్త టైం పడుతుంది. ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటాడు. అడక్కపోయినా చాడీలు చెబుతాడు. ఎవరైనా దగ్గరికి తీస్తే జిగురులా అంటుకుపోతాడు. చదువూ అంతంత మాత్రమే.

మొదటి వారంలోనే వాడి పుస్తకం దిద్దుతూ ఆవిడ వాడి ముంజేయి చూసింది. ఎర్రటి చుక్కలు, వరసగా, ఎవరో గ్రాఫు గీసినట్టు. కంపాసు ముల్లుతో గుచ్చినవి.

"ఎవర్రా ఈ పని చేసింది?"

"నేనే టీచర్. పొరపాటున గుచ్చుకుంది."

"ఇన్నిసార్లా?"

"వాడికి నోటితో లెక్కపెట్టడం రాదు టీచర్, అందుకే చుక్కలు పెట్టుకుంటాడు," అంది చిలక వెనక నుంచి.

గది గొల్లుమంది. గుడ్లగూబ కూడా నవ్వాడు. మిగతావాళ్ళ నవ్వు కన్నా వాడి నవ్వే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది. అప్పటికప్పుడు వాణ్ణి ముందు బెంచీలోకి మార్చింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో తన పక్కనే స్టూలు వేసి అన్నం తినిపించడం మొదలుపెట్టింది. తర్వాత పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది.

"పిల్లలన్నాక గిల్లుకుంటారు, గిచ్చుకుంటారు," అంది పెద్ద మేడం.

"అవి కంపాసు పోట్లు మేడం."

"అయితే కంపాసులు తేవద్దని చెప్పండి. ఇంత చిన్నదానికి నా దాకా రావాలా?"

లెక్కల టీచరు అక్కా బావల ఇంట్లో పై గదిలో ఉండేది. కింద అక్క బట్టలు కుట్టే షాపు. ఆ సాయంత్రం అక్క మిషను తొక్కుతూ అంతా విని, దారం పంటితో తెంపింది.

"వాణ్ణి వెనకేసుకొచ్చావుగా, ఇక వాడి పని అయిపోయిందే."

"అంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమని కాదు. బెల్లు కాగానే నువ్వు ఇంటికొచ్చి కూర్చుంటావు. వాడు మాత్రం వాళ్ళతోనే నడిచి ఇంటికెళ్ళాలి. అదొక్కటి ఆలోచించు."

బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "ఇంత ఆలోచన దేనికి? నాలుగు తగిలించు మరదలా. మా మాస్టారు తగిలించబట్టే నాకు ఎక్కాలు ఇప్పటికీ నోటికొచ్చు."

"ఏడు ఎనిమిదులెంత?" అంది అక్క.

బావ ఇస్త్రీ పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆవిడ నవ్వి పైకి వెళ్ళిపోయింది. అక్క మాట చెవిన పెట్టలేదు.

ఆ తర్వాత బి సెక్షన్ చూపు టీచరు మీదికి మళ్ళింది. చాక్‌పీసుల డబ్బాలో పగిలిన ట్యూబులైటు గాజు పోసి పెట్టారు. చూసుకోకుండా చెయ్యి పెట్టింది, వేళ్ళు తెగాయి. రుమాలు చుట్టుకుని అదే చేత్తో లెక్క పూర్తి చేసింది. బోర్డు మీద అంకెల పక్కన రక్తం మరకలు పడ్డాయి. అది చూసైనా సిగ్గుపడతారనుకుంది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

స్టాఫ్ రూములో ఎవరి ఉపాయం వాళ్ళకుంది. సైన్సు టీచరు గుమ్మంలోనే నిలబడి పాఠం చెప్పి వచ్చేస్తుంది. సోషల్ మాస్టారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుకుంటూ పోతాడు. "వాళ్ళ జోలికి మనం పోకపోతే మన జోలికి వాళ్ళు రారు మేడం," అన్నాడాయన, ఆవిడ వేళ్ళకు కట్టు కడుతూ.

గుడ్లగూబ మాత్రం ముందు బెంచీలో బాగానే ఉన్నట్టు కనిపించాడు. ముంజేతి మీద కొత్త చుక్కలు లేవు. రోజూ ఆవిడ సంచి మోసుకుంటూ మెట్ల దాకా వచ్చేవాడు. ఒక్కడినైనా కాపాడుకున్నానని ఆవిడ తృప్తిపడింది.

ఒక వానరోజు మధ్యాహ్నం బోర్డు మీద వృత్తం గీస్తుంటే వెనక గడియ పడ్డ చప్పుడయింది. తిరిగి చూస్తే చిలక తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. పొడుగోడు బెంచీల మధ్య నుంచి తీరిగ్గా నడిచొచ్చాడు.

"కూర్చోండి టీచర్. ఇవాళ పాఠం మేం చెబుతాం."

"తలుపు తియ్యమను."

"తీస్తాం. చిన్న పనుంది, అవగానే తీస్తాం." వాడి గొంతులో కోపం లేదు. "ఒరేయ్ టీచర్ కొడకా, ఇలా రా."

గుడ్లగూబ లేచి వచ్చాడు. బోర్డు మీద గీతలు గీసే పొడుగాటి చెక్క స్కేలు తీసి పొడుగోడు వాడి చేతిలో పెట్టాడు.

"టీచర్‌ని కొట్టు. కొట్టావంటే ఇవాళ్టి నుంచి నీ మీద ఈగ కూడా వాలదు. నేను చెబుతున్నా."

గుడ్లగూబ స్కేలు రెండు చేతులా పట్టుకున్నాడు. అద్దాల వెనక నీళ్ళు నిండిన కళ్ళతో ఆవిడ వైపు చూశాడు.

"వద్దు నాన్నా. వాళ్ళ మాట వినకు. నేనున్నాగా," అంది ఆవిడ.

"మీరున్నారనేగా టీచర్ వాడికిన్ని పడ్డాయి," అంటూ చిలక వచ్చి వాడి చొక్కా వెనక నుంచి పైకెత్తింది. వీపంతా కమిలిపోయి ఉంది. కొన్ని చారలు పాతవి, కొన్ని నిన్నటివి. "ముంజేతుల మీద పడితే మీకు కనిపిస్తాయని చోటు మార్చాం."

ఆవిడ గట్టిగా కేక వేసింది. గోడ అవతల కార్ఖానా దబదబల్లో ఆ కేక తనకే సరిగా వినిపించలేదు.

గుడ్లగూబ కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద, తగిలీ తగలనట్టు.

"అది దెబ్బేనా? దుమ్ము దులిపావు," అంది చిలక.

రెండోది చెవి మీద పడింది. తల గిర్రున తిరిగింది. ఆవిడ చేతులు అడ్డం పెట్టుకుంది. "చాల్లేరా నాన్నా, చాలు," అంది. వాడు ఆగలేదు. ఇంకోటి కొట్టాడు, ఇంకోటి. గది కేరింతలు కొడుతోంది, ఆ కేరింతలు మొట్టమొదటిసారి వాడి కోసం. వాడి ముఖంలోంచి ఏడుపు పోయింది. పెదవులు విచ్చుకున్నాయి. ముక్కు కారుతూనే ఉంది, కానీ వాడు నవ్వుతున్నాడు.

ఆ నవ్వు చూశాక ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. స్కేలు లాక్కుంది. లాక్కుని కొట్టింది. వాడు చేతులు అడ్డం పెడితే చేతుల మీద, వంగితే ఆ కమిలిన వీపు మీద, కింద పడితే ఎక్కడ దొరికితే అక్కడ. "నీ కోసమేరా, నీ కోసమే కదరా," అని అరుస్తూ కొట్టింది. పొడుగోడు చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉన్నాడు. స్కేలు ఒక్కసారి కూడా అటు తిరగలేదు. ఎందుకు తిరగలేదని తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆవిడకు ఒకటే జవాబు దొరికేది. వాడైతే తిరిగి కొడతాడు.

వాడి కళ్ళద్దం పగిలిన చప్పుడుకు గది నిశ్శబ్దమైపోయింది. అయినా ఆవిడ చెయ్యి ఇంకోసారి లేచింది. ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"చాలు టీచర్. చచ్చిపోతాడు," అన్నాడు పొడుగోడు.

స్కేలు మెల్లగా ఆవిడ చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. తనే వెళ్ళి గడియ తీశాడు. వాడి చూపులో ఇంతకు ముందెప్పుడూ లేనిదొకటి కనిపించింది. అది మర్యాద.

ఇంటికి వచ్చేసరికి అక్క షాపు గుమ్మంలోనే ఉంది. చీర కుచ్చిళ్ళ మీద మరకలు చూసి గుండెలు బాదుకుంది.

"ఎంత రక్తమే తల్లీ! ఎక్కడ తగిలింది? ఎవరు కొట్టారు?"

"ఇది నాది కాదక్కా."

బావ ఏదో అనబోతే అక్క కళ్ళెర్రజేసింది. చీర నానబెట్టడానికి తీసుకెళ్ళి, బాత్‌రూములో చాలాసేపు ఉండిపోయింది.

బి సెక్షన్ మొత్తం ఒకే మాట చెప్పింది. ముందు చెయ్యి చేసుకున్నది గుడ్లగూబ. అబద్ధమేమీ కాదు. గడియ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్ద మేడం వాడి తల్లిని పిలిపించింది. ఆ తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. నీళ్ళలో నాని నాని చేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కన కొడుకు, ఎడమ కంటికి కట్టు. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది కానీ అక్షరం కనపడదని డాక్టరు తేల్చేశాడు.

"టీచరు మీదే చెయ్యెత్తాడమ్మా మీవాడు," అంది పెద్ద మేడం. "పోలీసుల దాకా వెళితే పాడయ్యేది వాడి బతుకే. టీసీ ఇచ్చేస్తాం, ఇంకో బడిలో వేసుకోండి. ఏరా, టీచరుకు క్షమాపణ చెప్పు."

"తప్పయింది టీచర్," అన్నాడు వాడు, నేల చూస్తూ.

లెక్కల టీచరు ఇక పట్టలేకపోయింది. "తప్పు వాడిది కాదమ్మా. తలుపు గడియేసి, వాణ్ణి బెదిరించి, వాళ్ళే వాడి చేత కొట్టించారు. నెలల తరబడి వాడి వీపు..."

"మేడం," అంది పెద్ద మేడం హెచ్చరికగా.

తల్లి చెయ్యెత్తి పెద్ద మేడాన్ని ఆపింది. కేకలు వేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తెలియని సంగతి అడిగినట్టే అడిగింది.

"వాడి చేత వాళ్ళు కొట్టించారు. సరే టీచర్. మరి మీ చేత ఎవరు కొట్టించారు?"

పెద్ద మేడం బల్ల మీద కాగితాలు సర్దుకుంది. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకు వెళ్ళింది. గుమ్మం దాటుతుంటే వాడి ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది. వాడికి ఆ వైపు తలుపుందని తెలియలేదు.

లెక్కల టీచరు రాజీనామా చేస్తానంటే పెద్ద మేడం ఒప్పుకోలేదు. "ఇప్పుడే కదా మీకు ఆ క్లాసు మీద పట్టు దొరికింది, ఇప్పుడు పోతానంటారేంటి?" అంది. మళ్ళీ మళ్ళీ అడగాలని ఆవిడా అనుకుంది. అడగలేదు.

సోమవారం ఆవిడ బి సెక్షన్‌లో అడుగుపెట్టగానే తరగతంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది. కుర్చీ తడిమి చూసుకోబోతే పొడుగోడు, "బాగానే ఉంది టీచర్, నేను చూశా," అన్నాడు. చిలక పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది. ముందు బెంచీలో ఖాళీ చోటు వైపు ఎవరూ చూడలేదు.

ఆవిడ పాఠం మొదలుపెట్టింది. గుసగుస లేదు, ఈల లేదు. చెప్పిన ప్రతి మాటా వింటున్నారు. ఇలాంటి తరగతి దొరకాలని ఏ టీచరైనా కోరుకుంటుంది. ఒక లెక్క పూర్తయ్యేంతసేపు ఆవిడకు నిజంగానే హాయిగా అనిపించింది. అనిపించినట్టు ఆవిడకే తెలిసింది, తెలిసి చాక్‌పీసు కింద పెట్టేసింది.

తర్వాతి లెక్క ఇచ్చి బెంచీల మధ్య నడిచింది. రెండో వరసలో ఒక చిన్న పిల్ల, ఇన్నాళ్ళలో ఏనాడూ అల్లరి చేయనిది, ఒకచోట కూడిక తప్పు చేసింది. సరిదిద్దుదామని ఆవిడ పెన్ను కోసం చెయ్యి చాపింది. ఆ పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏం లేదమ్మా. తప్పెక్కడో చూపిద్దామని," అంది ఆవిడ.

"సరే టీచర్," అంది ఆ పిల్ల. చేతులు మాత్రం దించలేదు.

ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి, తరగతి వైపు వీపు పెట్టి, ఇంకో లెక్క రాయడం మొదలుపెట్టింది. వెనక ఒక్కరు కూడా కదల్లేదు.