చల్లారనివ్వకు

ఆపరేషన్ థియేటర్లో పొద్దుటి పని ఎప్పుడూ ఒకే వరసలో మొదలయ్యేది. ముందు మత్తు యంత్రం గొట్టాలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. దాని నల్ల సంచిని నొక్కి, గాలి ఎక్కడా కారడం లేదని తేల్చుకోవాలి. మందులు సిరంజిల్లోకి ఎక్కించి, ప్రతి దాని మీదా పేరు అంటించాలి. ఇక ఆ నెల మత్తు విభాగంలో నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థి ఎవరైతే వాళ్ళు వేడినీళ్ళతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, పేషెంటు తల పక్కన దోసిలి పట్టుకుని నిలబడాలి.

మత్తు ఎక్కేటప్పుడు మనిషి జ్ఞాపకం నోట్లోంచి వచ్చి ఆ దోసిట్లో వాలుతుంది. కంటికి ఏమీ కనబడదు. ఉడకబెట్టి ఒలిచిన గుడ్డులా మెత్తగా, వెచ్చగా చేతికి తెలుస్తుంది, అంతే. పసిపిల్లలదైతే దూదిపింజంత తేలిక. పెద్దవాళ్ళది పట్టుకుంటే మణికట్లు లాగేస్తాయి. మెలకువ వచ్చే వేళ నుదుటికి ఆనిస్తే ఎవరిది వాళ్ళలోకి వెళ్ళిపోతుంది.

ఆ నెల వంతు వచ్చిన అమ్మాయిని తోటివాళ్ళు "వణుకు" అని పిలిచేవాళ్ళు. సూది చేతికిస్తే చాలు, వేళ్ళు గాలికి ఆకుల్లా ఆడేవి. నరం కోసం ఆమె పడే పాట్లు చూసి పేషెంట్లే "కంగారు పడకమ్మా, మెల్లగా కానీ" అని ధైర్యం చెప్పేవాళ్ళు. దోసిలి పట్టేటప్పుడు మాత్రం ఆ చేతులు కదిలేవి కావు.

"ట్రేలో పెట్టకు, చల్లారుతుంది. చల్లారితే ఎంతో కొంత తరుగుతుంది," అని మొదటిరోజే చెప్పింది మత్తు మేడమ్. ఆ విభాగానికి పెద్ద ఆవిడే. "జేబులో అసలే వద్దు. దోసిలి తప్ప ఒంటికి ఇంకెక్కడ ఆనినా ఒకరిది ఒకరిలో కలిసిపోతుంది. పోయినేడు ఒకడు జేబులో వేసుకున్నాడు. ఆ పేషెంటు లేచీ లేవగానే, హాస్టల్లో ఫ్యాను తిరగట్లేదని నా మీద విరుచుకుపడ్డాడు. ఆయన చూస్తే కసాయి కొట్టు నడుపుకునే మనిషి."

ఒకరోజు వార్డులోకి తుంటి విరిగిన ముసలావిడ వచ్చింది. జీవితమంతా చొక్కాల గుండీలకు కాజాలు కుట్టిన మనిషి. కాజాల బామ్మ అంటే ఆవిడ పేటలో తెలియనివాళ్ళు లేరు. ఆపరేషన్‌కి మాత్రం ససేమిరా అంది.

"కాలు పోతే పోయింది, మంచం మీదే ఉంటాను. మతి పోతే ఎక్కడుంటాను?"

ఈమధ్య ఆవిడకు ఒక్కొక్కటే జారిపోతోంది. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుక్కుంటుంది. పొద్దున్నే కళ్ళు తెరవగానే, మంచం దిగకుండా, తనవాళ్ళ పేర్లన్నీ వరసగా అనుకుంటుంది. ఏ ఒక్కటి తట్టకపోయినా ఆ రోజంతా ముద్ద దిగదు.

కూతురు బస్సు కండక్టరు. డ్యూటీ దిగి, సంచీ భుజాన ఉండగానే వచ్చింది.

"అలా పడుండిపోతే వీపంతా పుళ్ళు పడతాయమ్మా. డాక్టర్లు చెప్తున్నారుగా."

"నిద్ర లేచి నిన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అన్నాననుకో, అప్పుడేం చేస్తావే?"

"టిక్కెట్ తీసుకోమంటాను," అని నవ్వబోయి, కూతురు గభాలున మొహం పక్కకు తిప్పుకుంది.

మందుల వివరాలు అడగడానికి వచ్చిన అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. "బామ్మగారూ, మీది పట్టుకునేది నేనే. చల్లారనివ్వను," అంది.

బామ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కోటు మీద చూపు ఆగింది. "పై కాజా చిరిగిపోయింది, చూసుకోవా? డాక్టరువి, అలాగేనా తిరగడం? లేచాక కుట్టిపెడతాను, గుర్తు చెయ్యి."

అదే ఒప్పుకోలు.

మర్నాడు బల్ల మీద పడుకోబెట్టాక మత్తు మేడమ్ మాస్కు ఆనించి, "ఏదైనా చెప్పండి బామ్మా," అంది.

"ఏం చెప్పను? మా పిల్ల జుట్టు ఉంది చూశారూ, చిన్నప్పట్నుంచీ దువ్వెనకి..."

మాట అక్కడే ఆగింది. అమ్మాయి దోసిలి బరువుతో ఒక్కసారి కిందికి దిగింది. అంత బరువు ఆమె ఎప్పుడూ మొయ్యలేదు.

ఇంతలో చిక్కొచ్చి పడింది. గొంతులోకి గొట్టం దిగలేదు. మాస్కుతో గాలి ఇద్దామంటే, పళ్ళులేని బుగ్గలు లోపలికి పోయి మాస్కు అతకడం లేదు. మేడమ్ రెండు చేతులతో దాన్ని అదిమిపట్టి, "నువ్వు సంచి పిండు! ట్రేలో పెట్టి రా, త్వరగా!" అంది. పక్కన ఆక్సిజన్ కొలిచే యంత్రం కూత దిగిపోతోంది.

అమ్మాయి ట్రే వంక చూసింది. చల్లని ఉక్కు. ఇంకేమీ ఆలోచించలేదు. దోసిలి పైకెత్తి, ఆ వెచ్చని బరువును గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో సంచి పిండసాగింది. బామ్మ గుండెలు లేచాయి, పడ్డాయి. యంత్రం కూత మెల్లగా మామూలుకొచ్చింది. రెండోసారి గొట్టం దిగింది. అప్పుడు ఆ జ్ఞాపకాన్ని మళ్ళీ దోసిట్లోకి తీసుకుంది. మెడ మీద మాత్రం వెచ్చదనం అలాగే ఉండిపోయింది.

ఆపరేషన్ అయ్యాక అమ్మాయి బామ్మ నుదుటికి దోసిలి ఆనించింది. కూతుర్ని లోపలికి పిలిచారు. బామ్మ కళ్ళు తెరిచింది. కూతుర్ని చూసింది. చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది. కూతురు చేతిలో సంచీ పట్టీ నలిగిపోతోంది.

"ఏమిటే ఆ జుట్టు? పిచ్చుక గూడులాగ!" అంది బామ్మ.

కూతురు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

రెండు మూడు రోజులకు బామ్మ దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. అమ్మాయి చూడ్డానికి వస్తే, "కోటు విప్పు," అంది. కూతురు సూదీ దారం అందించింది. బామ్మ కోటు ఒళ్ళో వేసుకుని, చిరిగిన కాజాను వేలితో తడిమింది. సూది పైకెత్తింది. అది అక్కడే ఆగిపోయింది.

"ముందు... ముందు ఎటు గుచ్చాలి?"

బామ్మ మొహం పాలిపోయింది. ఆ సూదిని, ఎవరిదో వస్తువు తన చేతికెలా వచ్చిందన్నట్టు చూసుకుంటోంది.

అమ్మాయి వంగి సూది తీసుకుంది. ఓదార్చడానికే తీసుకుంది. కానీ వేళ్ళు ఆగలేదు. అంచు మడిచి, దారాన్ని సూది చుట్టూ తిప్పి, ముడి లాగి, మళ్ళీ పక్కనే ఇంకొకటి. చీమల బారులా కుట్లు సాగాయి. ఒక్క వేలూ వణకలేదు.

బామ్మ కోటు లాక్కుని, తిరగేసి వెనకవైపు చూసింది. "ఇది నా చెయ్యి," అంది.

అమ్మాయికి అప్పుడు అర్థమైంది. మెడ తడుముకుంటూ, ఆ రోజు ఎక్కడ ఇరికించుకుందో చెప్పింది. "నాలో కొంచెం ఉండిపోయింది బామ్మగారూ. మేడమ్‌ని అడుగుతాను, మళ్ళీ మీకు ఇచ్చేసే దారేదైనా..."

"మళ్ళీ పడుకోబెడతారా? నీకు మతుందా?"

బామ్మ ఆ కాజాలోంచి గుండీని దూర్చింది, తీసింది, మళ్ళీ దూర్చింది. ఆమె ఊపిరి నెమ్మదించింది.

"ఒక్కొక్కటీ ఎక్కడ పారేసుకుంటున్నానో తెలియక చస్తున్నానే ఇన్నాళ్ళూ," అంది చివరికి. "దీన్ని ఎక్కడ పెట్టానో తెలిసింది కదా. ఉండనీ నీ దగ్గర."

మర్నాడు థియేటర్లో అమ్మాయి పేషెంటు చేతి నరానికి సూది పెట్టింది. అది నూలుబట్టలోకి దిగినట్టు దిగింది. మత్తు మేడమ్ తరవాతి పేషెంటు సూదుల ట్రే కూడా ఆమె వైపు జరిపింది. అప్పట్నుంచీ "వణుకు" అన్న పిలుపు ఎవరి నోటా రాలేదు.

ఆ ఉదయమే వార్డులో బామ్మ లేవగానే పేర్లు అనుకోలేదు. డ్యూటీకి వెళ్ళబోతున్న కూతుర్ని కేకేసింది.

"ఇటు రావే. దువ్వెన పట్రా."

"బస్సు టైమైందమ్మా."

"బస్సు ఆగుతుందిలే. నా మతి ఆగుతుందా?"

కూతురు మంచం అంచున వీపు తిప్పి కూర్చుంది. బామ్మ చిక్కు తీస్తూ, ఈ జడ తనకు ఎవరు అల్లడం నేర్పారో, ఆవిడ ఏ వీధిలో ఉండేదో, ఎలా నవ్వేదో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. కూతురు మెడ కదపకుండా, రెండు చేతులూ దగ్గర చేర్చి, ఒళ్ళో దోసిలి పట్టుకుంది.