ఒళ్ళు వాడిది, కత్తి నాది

అసలు మనిషిని చంపడానికి సుత్తి దాకా ఎందుకు, రెండంగుళాల మర చాలు, కణత మీద ఆనించి తిప్పితే చుట్టుకో చుక్క చొప్పున దిగుతుంది, అని ఎందుకనుకుంటున్నానో తెలీదు, ఎదురుగా చంపదగ్గవాడెవడూ లేడు, ఆదివారం పొద్దున్న పదిన్నరకి పాతసామాన్ల కొట్లో మోకాళ్ళ మీద కూచుని డబ్బాలో మరలు ఏరుకుంటున్నానంతే, మోకాళ్ళ కింద దిండు గలేబు, ప్యాంటు మాస్తే నేనుతకనని మా ఆవిడ ఇచ్చి పంపింది, పదకొండేళ్ళుగా ఇదే కొట్టు, ఇదే గలేబు, ఒక మర తీసి వెంట తెచ్చుకున్న వడ్రంగి చిత్రికలో తిప్పి చూస్తాను, రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది, మా పైఆఫీసరు నవ్వులాగా సగం దాకా వచ్చి ఇంక రాదు, ఈ పాత చిత్రికలు చేసినవాడెవడో మర చుట్లు లోకంలో ఎవరికీ లేని లెక్కలో పెట్టి తను హాయిగా పోయాడు, ఇలాంటి కత్తిలేని చిత్రిక ఒళ్ళు నాలుగు కొన్నాను, ఒకదాంట్లో నా కత్తి దూరదు, ఒకదాంట్లో ఊగుతుంది, ఒకదాని అడుగు పగిలింది, నాలుగోది ఇదిగో, అన్నీ ఉండి మర లేదు, కొత్తది కొనుక్కుని ఏడవచ్చుగా అంటుంది మా ఆవిడ, కొత్త మొగుణ్ణి కొనుక్కుంటాననలేదు కనక సంతోషించాలి, కొత్తది నాన్నది కాదుగా, నాన్నది మూరెడు పొడుగు ఇనప చిత్రిక, తలుపు చెక్క అంచు మీద ఒక్క తోపు తోస్తే ఈ చివర నించి ఆ చివరికి ఉల్లిపొరలాగా పొట్టు వచ్చేది, పొట్టు మధ్యలో తెగితే ఎవరిదో ఒకరి వీపు కూడా తెగేది, నాన్న పోయిన నెలలోపే మేనమామ నాకూ తమ్ముడికీ పంపకాలు పెట్టాడు, రంపాలు చెరి మూడు, ఉలులు చెరి అయిదు, చిత్రిక మాత్రం ఒక్కటే, మావయ్య కళ్ళజోడు తుడుచుకుని ధర్మం తప్పకూడదర్రా అని దాన్ని విప్పించాడు, కత్తీ, కత్తిని అదిమిపట్టే మూతా, దాన్ని జరిపే ఇత్తడి చక్రమూ పెద్దాడికి, ఒళ్ళూ కొయ్యపిడులూ చిన్నాడికి, ఎవరికీ అన్యాయం జరగలేదు, మావయ్య కాఫీ రెండోసారి అడిగి తాగాడు, ఆ ఊపులో కుక్కరు కూడా మూత ఒక కోడలికీ గిన్నె ఒక కోడలికీ అనేవాడే, మా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచోబట్టి బతికింది, ఆ రోజు నించి తమ్ముడికీ నాకూ మాటల్లేవు, మనసు విరిగి కాదు, నీ సగం నాకివ్వరా అని ఎవరు ముందు అడగాలో తేలక, పెద్దవాణ్ణి నేనెందుకడుగుతాను, చిన్నవాణ్ణి నేనెందుకడుగుతానని వాడూ అనుకుని ఉంటాడు వెధవ, వాడి ముక్కు దూలం మీద ఒక్క తోపు తోస్తే, తెగకుండా పొట్టు వస్తుంది.

దగ్గు వినపడింది, తల ఎత్తక్కర్లేదు, ఆ దగ్గు పక్కన పన్నెండేళ్ళు పడుకున్నాను, గుమ్మంలో తమ్ముడు, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, ఎడమ కనుబొమ మధ్యలో తెల్లగా ఆ చీలిక మాత్రం అలాగే ఉంది, చేతిలో మడత పెట్టిన పాత పేపరు, మోకాళ్ళ కింద వేసుకోడానికి కాబోలు, గలేబు కూడా ఇవ్వదన్నమాట మరదలు, కొట్టావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇదేంటయ్యా, మీరు శనివారం ఆయన కదా అంది వాడితో, నిన్న ఆఫీసుందమ్మా అన్నాడు వాడు గోడకేసి చూస్తూ, అంటే ఈ పదకొండేళ్ళూ నేను ఆదివారం ఏరిన డబ్బానే వీడు శనివారం ఏరుతున్నాడు, నాకు మంచి మర ఒక్కటీ ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలిసింది, కొట్టావిడకి మాత్రం పంట పండింది, బస్తాల వెనక్కి వెళ్ళి రెండు చేతులా ఒకటి మోసుకొచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది, మూరెడు పొడుగు, మందాన తుప్పు, కానీ కత్తి ఉంది, మూత ఉంది, ఇత్తడి చక్రం ఉంది, రెండు పిడులూ ఉన్నాయి, నాన్నది పోతపోసిన అదే అచ్చు, మొన్ననే వచ్చింది, ఎవరికివ్వను అంది, నాకు అన్నాను, నాకు అన్నాడు, ఒకేసారి, చిన్నప్పుడు మంచం మీద కిటికీ పక్క చోటు కోసం అన్నట్టే, ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, ఏవయ్యా, నీకు ఒళ్ళు కావాలని పదకొండేళ్ళ నించీ నా ప్రాణం తీస్తున్నావు, ఆయనకి కత్తి కావాలని ఆయనా తీస్తున్నాడు, ఒళ్ళు నువ్వు తీసుకో, కత్తీ మూతా ఆయనకియ్యి, ఇద్దరివీ నిండిపోతాయి, నా డబ్బాలూ బతికిపోతాయి అంది, నిజమే, ఇంతకంటే సుళువు లెక్క ఉండదు, మూడో క్లాసు పిల్ల కూడా చేస్తుంది, నాది నిండుతుంది, కానీ వాడిది కూడా నిండుతుంది, అక్కడే వచ్చింది చిక్కు, పదకొండేళ్ళు సగం చిత్రికతో బతికినవాణ్ణి నాది నిండకపోయినా బతగ్గలను, వాడిది నిండితే బతకలేను, వాడి మొహం చూస్తే వాడూ సరిగ్గా అదే లెక్క చేస్తున్నాడు, ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్ళం.

వెనక పిడి నా చేతిలోకొచ్చింది, ముందు వైపు గుండుపిడి వాడి చేతిలో, వదలరా అన్నాను, పదకొండేళ్ళ తరవాత నేనన్న మొదటిమాట, నువ్వొదులు అన్నాడు, పెద్దాణ్ణిరా, అయితే పెద్దరికం చూపించు, వదులు, లాగాను, లాగాడు, ఈ పిడి బట్టతలలా నున్నగా ఉంది, నాన్నదాని పిడి వేరే, రంగు కలవని చెక్కతో నాన్నే చెక్కిపెట్టాడు, మొదటి పిడి తమ్ముడి మొహం మీద విరిగింది కదా, వాడికి ఎనిమిదేళ్ళు, చిత్రిక పట్టమంటే పొట్టు తెగింది, నాన్న చిత్రిక లాక్కుని విసిరాడు, కనుబొమ చీలింది, పిడి విరిగింది, కనుబొమకి మూడు కుట్లు వేయించడానికి అరగంట పట్టింది, పిడికోసం మూడు నెలలు కొట్లన్నీ తిరిగాడు నాన్న, మమ్మల్ని కూడా తిప్పాడు, కట్టు కట్టుకున్న మొహంతో వీడు ప్రతి కొట్లోనూ బాబూ చిత్రిక పిడి ఉందా అని అడిగేవాడు, అలా అడిగినవాడే ఇప్పుడు మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు, గాలి మొత్తం పోయింది, నేను వాడి చెవి పట్టుకుని ఇనప అలమార అంచుకి కొట్టాను, మెత్తగా, పనసకాయ నేల మీద పడ్డట్టు చప్పుడయింది, కళ్ళజోడు ఎగిరింది, నాదో వాడిదో, వాడు నా బొటనవేలు కొరికాడు, యాభై దాటిన గవర్నమెంటు ఉద్యోగి, పెన్షన్ దగ్గరపడినవాడు, ఎముక దాకా కొరికాడు, అయ్యో అయ్యో మరలు అని అరుస్తోంది కొట్టావిడ, డబ్బా బోర్లాపడి మరలు మా కాళ్ళ కింద గలగలలాడుతున్నాయి, మనుషుల గురించి ఆవిడకి బెంగ లేదు, నా నోట్లో పన్నొకటి కదిలింది, పోయిన నెలే సిమెంటు పెట్టించాను, చిత్రిక మీద ఎర్రగా జారుతోంది, ఏది తుప్పో ఏది రక్తమో, ఒళ్ళంతా ఒకటే రంగు, ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు అలాగేనండి అలాగేనండి అన్న నోరిది, చిన్నప్పుడు కూడా నేను ఎవర్నీ కొట్టలేదు, ఒట్టు, కొట్టింది నాన్న, నేను బుద్ధిమంతుణ్ణి, నాన్న కొట్టడానికి ముందు పట్టుకోరా వాణ్ణి అనేవాడు, నేను వీడి రెండు మణికట్లూ కలిపి చిత్రిక బల్ల మీద అదిమిపట్టేవాణ్ణి, అంతే, నేను చేసిందల్లా పట్టుకోడం, పట్టు సడలితే నా వంతు వస్తుందని గట్టిగా పట్టేవాణ్ణి, మొహం పక్కకి తిప్పి కింద పడిన పొట్టు లెక్కపెట్టేవాణ్ణి, గోళ్ళు దిగేవి, అన్నయ్యా వదులన్నయ్యా అనేవాడు, నాన్నని ఏమీ అనేవాడు కాదు.

మోకాలితో పొట్టలో పొడిచాను, వాడు బల్లకి కొట్టుకుని కింద కూలాడు, చిత్రిక నా చేతుల్లోకి వచ్చేసింది, మొత్తం, ఒళ్ళూ కత్తీ పిడీ అన్నీ, నాదే, మూడున్నర కేజీల ఇనుము, రెండు చేతులా నెత్తి పైకెత్తాను, కింద వాడి మొహం, కనుబొమ మీద తెల్ల గీత, గురిపెట్టుకోమని గీసి ఉంచినట్టు, వద్దురా బాబూ అంటోంది కొట్టావిడ, ఈసారి మరల గురించి కాదు, ఇంక వాడు పారిపోతాడు, దొర్లుతాడు, నా కాలు పట్టి లాగుతాడు, లాగితే పడతాను, అంతా తెలుసు నాకు, కానీ వాడు అవేమీ చెయ్యలేదు, కళ్ళు మూసుకున్నాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు, తల మీద చేతులడ్డం పెట్టుకోలేదు, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి ముందుకి చాచాడు, వేళ్ళు కొద్దిగా వంచి, పట్టుకోడానికి వీలుగా, నలభై ఏళ్ళు దాటినా కొలత వేలెడు కూడా తప్పలేదు, రక్తం మోచేతి నించి చంకలోకి కారుతోంది, కొడితే నాన్నలా ఉంటానని ఇంతసేపూ లోపల ఓ మూల గర్వంగానే ఉంది, కానీ వీడు నాన్న కోసం చాచలేదు ఈ చేతుల్ని, నాన్నకి వీపు ఇచ్చేవాడు, చేతులు నాకిచ్చేవాడు, అడక్కుండానే, రోజూ, అన్నయ్యే కదా అని, నా సగం చిత్రికకి మిగతా సగం వీడి దగ్గరుందని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను, నాన్న కొట్టేదాంట్లో కూడా సగం సగమే, పంపకాల్లో మావయ్యకి తట్టలేదు గానీ అది ఎప్పుడో పంచుకున్నాం, దెబ్బలు నాన్నవి, పట్టు నాది, దెబ్బలు మానిపోయాయి, నాన్న కాలిపోయాడు, చిత్రిక విడిపోయింది, ఆ పట్టొక్కటే విడలేదు, వాడికి ఈ రోజుకీ గుర్తున్న చేతులు నాన్నవి కావు, నావి.