ఎద్దులు మళ్ళే జాగా

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన చేను నా చేనును ఆనుకునే ఉంటుంది. కాగితాల్లో రెంటికీ మధ్య గట్టు ఉంది. అది ఏనాడో అరిగిపోయింది. మిగిలింది ఎద్దులు మళ్ళేంత ఖాళీ జాగా. నా కాడీ ఆయన కాడీ అక్కడికొచ్చే తిరుగుతాయి. అది ఎవరిదని ఒకరినొకరం అడగలేదు.

ఈ ఏడు పంట సాయానికి ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. పైరున్న నేల రెండెకరాలు నిండితేనే సాయం. కొలవడానికి వచ్చిన సర్వేయరు బావ జొన్నచేను చుట్టూ తిరిగి, చేతిలో యంత్రం చూసి పెదవి విరిచాడు.

"కాస్తలో తప్పిందండీ. ఈ జాగా మీదై, ఇందులోనూ పైరుంటే సరిపోయేది."

బావకు ఆ సాయం కావాలి. బావి మోటారు కాలిపోయి, ఆయన పైరుకు నా మోటారు నీళ్ళే పారుతున్నాయి. నాకేం బరువు కాదు. ఆయనకే ముద్ద దిగడం లేదు. సాయం అందితే మోటారు చుట్టించాలని ఆశ.

"ఇంతకీ ఎవరిదిది?" అన్నాడు సర్వేయరు.

"మా బావమరిదిది," అన్నాడు బావ.

"బావదే," అన్నాను నేను.

సర్వేయరు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎక్కడైనా నాదంటే నాదని తన్నుకుంటారు. మీరేంటండీ, నీదంటే నీదని తోసుకుంటున్నారు? ఇద్దరూ ఒక మాట మీదకు రండి, అటే రాస్తాను. మొలకలు మాత్రం కనబడాలి. నెలాఖరుకు మళ్ళీ వస్తా."

ఆయన వెళ్ళాక, "నువ్వే విత్తుకో బావా," అన్నాను.

"ఇప్పటికే నీ నీళ్ళు తాగుతోంది నా చేను. ఇంక నీ నేల కూడా తినమంటావా?"

"నా నేలని ఎవరన్నారు?"

"కాదని ఎవరన్నారు? విత్తేస్తే నీ ఎద్దులెక్కడ తిరుగుతాయిరా, నీ నెత్తిమీదా?"

మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఉన్న నాలుగూ అయిపోయాక ఆయన అటు, నేనిటు పోయాం. వాన పడింది. నేల పదునైంది. జాగా ఖాళీగానే ఉంది.

ఓ పొద్దున నేను చేనికి వచ్చేసరికి అక్క ఆ జాగాలో వంగి పారతో తవ్వుతోంది. ఎద్దులు తొక్కీ తొక్కీ రాయిలా అయిన నేల అది.

"ఏం చేస్తున్నావక్కా?"

"వంట," అంది తల ఎత్తకుండా.

వెనకాలే బావ వచ్చాడు. "అది వాడిదే."

"వాడిదైతే వాణ్ణి వచ్చి ఆపమను."

బావ నా వైపు చూశాడు. నేను మబ్బుల వైపు చూశాను. అక్క కొంగులోంచి జొన్నలు పిడికిళ్ళతో చల్లింది.

నెలాఖరుకు సర్వేయరు వచ్చాడు. "తేలిందా? ఎవరిది?"

బావా నేనూ నేలచూపులు చూశాం.

"విత్తింది నేను," అంది అక్క. "నేనెవరింట్లో వండుతున్నానో వాళ్ళది. రాసుకోండి."

"మీకేమైనా అభ్యంతరమా?" అని ఆయన నన్ను అడిగాడు.

"ఈవిడ మాటకు అడ్డు చెప్పే అలవాటు నాకు చిన్నప్పుడే పోయిందండీ."

సర్వేయరు నవ్వి మళ్ళీ కొలిచాడు. నిండిందన్నాడు, బావ పేరున రాసుకున్నాడు. బావ కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాడు.

సర్వేయరు కాస్త దూరం పోయాక, "మరి నీ ఎద్దులు?" అన్నాడు బావ.

"నీ చేలో తిప్పుతా."

"నా చేలోనా? సర్వేయరును వెనక్కి పిలవమంటావా?"

"పిలువు. ఇంకా మలుపు కూడా దాటలేదు."

బావ నవ్వాడు. ఆయన నవ్వితే పొట్ట కదులుతుంది గానీ చప్పుడు రాదు.

"నా వైపు రెండు సాళ్ళు వదిలేస్తాలే," అన్నాను. "ఇద్దరం అక్కడే మళ్ళుదాం."

ఈసారి ఆయన కాదనలేదు.

అక్కది పెద్ద చెయ్యి. మొలకలు గాలి ఆడనంత ఒత్తుగా లేచాయి. బావ ఆ చివర, నేను ఈ చివర వంగి పలచన చేయడం మొదలుపెట్టాం. అక్క నీడన కాళ్ళు చాపుకుని కూర్చుని, "అది పీకకండి, అది బాగుంది," అంటూనే ఉంది.