పాత ఊరి బావి

ఫబాలా చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. నిన్నటి రెండు గుంతల్లోనూ తగిలిన ఎర్రమట్టి కాదిది. బూడిద, కుండపెంకులు. ఎప్పుడో ఎవరో పూడ్చిన నేల. ఆత్రంగా గునపం అందుకున్నాడు.

నలభై ఏళ్లుగా గాంబియా నది ఒడ్డున బావులు తవ్వుతూనే ఉన్నాడు. ఒక్క బావికీ అతని పేరు లేదు. వీపు వంగింది, గోళ్లలో మట్టి ఇక వదలదు. ఏటి పక్క వరిమడులు తమవేనని పొరుగూరు దావా వేసింది. ముందు వచ్చిన ఊరిదే హక్కు. పూర్వం ఏటిలోకి ఉప్పునీరు ఎగదన్నితే తమవాళ్లు గట్టు మీదికి తరలారనీ, మొదటి ఊరు ఈ పొదల్లోనే ఉండేదనీ ఫబాలా ఊరి పెద్దలు చెప్పడమే గాని, చూపించినవాడు లేడు. మధ్యాహ్నం సర్వే అధికారి వస్తాడు, ఆలోపు ఆ పాత ఊరి బావి దొరకాలి.

మడుల్లోంచి ఆడవాళ్లు గంపలతో వచ్చారు. ముందు న్యీమా. ఆమె వంశానికీ ఫబాలా వంశానికీ తరతరాల వేళాకోళపు వరస.

"ఏం బావా, కింద అన్నం దొరుకుతుందనా? మీ వంశమంతా తిండిపోతులేగా."

"వాగింది చాలు, మట్టి తోడు. మీ తాతలు మా గిన్నెలు కడిగినోళ్లే."

నవ్వుకుంటూ గంపలు అందుకున్నారు. నిలువు లోతుకు దిగాక గునపం కర్రకు తగిలింది. ఫబాలా గుండె దడదడలాడింది. చేతులతో బురద తోడాడు. గుండ్రంగా పేర్చిన తాటిమొద్దులు, నల్లబడినా గట్టిగానే ఉన్నాయి.

"ఈ గొడ్డలి గంట్లు చూడండే," అన్నాడు. "అన్నీ ఎడమచేతి దెబ్బలే. మా వంశంలో తండ్రి కొడుక్కి నేర్పేది ఇలాగే."

ఆడవాళ్లు గంపలు బోర్లించి దరువేశారు. అధికారి వచ్చి తనే గుంతలోకి దిగాడు, గంట్లను వేళ్లతో తడిమాడు.

"మీ ఊరి బావిలోనూ ఇవే గంట్లు చూసొచ్చాను. పొరుగూరు తమ తాతల నాడు వెలిసిందేనని ఆ ఊరివాళ్లే రాసిచ్చారు. ఇది అంతకంటే చాలా పాతది. మడులు మీవేనని రాస్తున్నా. దీన్ని కనిపెట్టిందెవరు?"

"ఫబాలా," అన్నారు అందరూ ఒక్కసారే. అధికారి ఆ పేరు రాసుకున్నాడు.

గుంతలోంచి పైకొచ్చిన ఫబాలా మట్టికుప్పకు ఆనుకుని నవ్వుతూ అదంతా చూశాడు. న్యీమా బొగ్గుల కుంపటి మీద టీ కాచి తెచ్చింది.

"లే బావా. మడులు గెలిచిపెట్టి కునుకేమిటి?"

అతను లేవలేదు. ఆమె వంగి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. వెనక దరువు ఆగిపోయింది.

అతని ఎడమచేతి పక్కన ఆమె పెట్టిన చిన్న గాజుగ్లాసులో టీ మీది నురగ ఇంకా అణగలేదు.